4–5 అంగుళాల ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి మేలురకం స్టీలులో కావాలంటే ఎక్కడ వెతకాలి, ఏం చూసి కొనాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. టెక్సాస్‌లో ఉంటున్నారు, క్యాంపింగ్‌కి, చేపలకి వెళ్తుంటారు. మడత చాకుల్లో ఎస్30వీ, ఎం390 లాంటి స్టీళ్లు ఎటు చూసినా ఉన్నాయి. ఫిక్స్‌డ్ బ్లేడ్ (మడవని కత్తి) అనేసరికి మాత్రం 1095, 420హెచ్‌సీ లాంటి మామూలు స్టీళ్లు తప్ప మరొకటి కంటబడటం లేదు. బడ్జెట్ 200 డాలర్ల దాకా. ఇంకొకటి కొని సంక్రాంతికి గుంటూరు తెచ్చి నాన్నగారికి ఇవ్వాలని కూడా ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను అండి. మీ పనికి వెతకాల్సిన పేర్లు నాలుగే. కట్టెలు చీల్చడమే ప్రధానమైతే సీపీఎం-3వీ. నీళ్లు, చేపలు, కట్టెలు అన్నిటికీ ఒక్కటే కత్తి అయితే మ్యాగ్నాకట్. ఖర్చు తగ్గాలంటే 14సి28ఎన్ లేదా ఏఈబీ-ఎల్. ఎం390, ఎస్90వీ లాంటివి ఫిక్స్‌డ్ బ్లేడ్‌లో దొరికినా మీ వాడకానికి తీసుకోవద్దు. ఇక వెతికేటప్పుడు స్టీలు పేరు ఒక్కటే చూసి ఆగిపోకండి. గట్టిదనం ఎంత, హీట్ ట్రీట్‌మెంట్ (కాక పెట్టడం) ఎవరు చేశారు, అంచు వెనక మందం ఎంత అన్న మూడు వివరాలు ఇవ్వని కత్తికి 200 డాలర్లు పెట్టడం దండగ.

ఇప్పుడు కారణాలు. ముందు, ఫిక్స్‌డ్ బ్లేడ్‌లో మేలురకం స్టీళ్లు ఎందుకు తక్కువో చూద్దాం.

మడత చాకులో స్టీలు ఉండేది బ్లేడు మేరకే. నాలుగున్నర అంగుళాల పొడవు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న ముక్క. ఫుల్ ట్యాంగ్ ఫిక్స్‌డ్ బ్లేడ్‌లో ఆ ఉక్కు పిడి చివరిదాకా వెళ్తుంది. 9 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు, 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం. లెక్క వేస్తే మడత చాకుకి పట్టేదానికి మూడు నాలుగు రెట్ల స్టీలు. దాన్ని అరగదీయడం మరో ఖర్చు. వెనేడియం కార్బైడ్లు (కార్బన్‌తో కలిసి ఏర్పడే గట్టి గుళ్లు) ఉన్న స్టీలు గ్రైండర్ బెల్టుల్ని తినేస్తుంది, 1095 మీద వచ్చినన్ని కత్తులు ఒక్కో బెల్టు మీద రావు.

మూడో కారణం కొనేవాళ్ల వాడకం. మడత చాకుతో అట్టపెట్టెలు, తాళ్లు కోస్తారు. ఫిక్స్‌డ్ బ్లేడ్ కొన్నవాళ్లు దాని వెన్ను మీద దుడ్డుకర్రతో కొట్టి కట్టెలు చీలుస్తారు (దీన్నే బాటనింగ్ అంటారు), మొన గుచ్చి పెకలిస్తారు, రాయికి తగిలిస్తారు. విరిగితే వారంటీకి పంపిస్తారు. అందుకే ఈఎస్ఈఈ లాంటి కంపెనీలు 1095ని 55–57 హెచ్ఆర్‌సీ (గట్టిదనానికి రాక్‌వెల్ కొలమానం) దగ్గర ఆపి, విరిగితే కారణం అడగకుండా మారుస్తామంటూ అమ్ముతాయి. ఆ గట్టిదనంలో అంచు వాలిపోతుంది గానీ పెచ్చు ఊడదు, సానరాయి మీద నాలుగుసార్లు రుద్దితే మళ్లీ నిలబడుతుంది. వాళ్ల కొనుగోలుదారుకి అదే సరైన లెక్క.

మేలురకం అంటే ఏ గుణంలో మేలు? చాలామంది పొరబడేది ఇక్కడే. కత్తి ఉక్కుకి గుణాలు మూడు, అరుగుదలకి ఆగడం, దెబ్బకి ఆగడం, తుప్పుకి ఆగడం. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. ఎం390లో కార్బన్ 1.9 శాతం, క్రోమియం 20 శాతం, వెనేడియం 4 శాతం. అంటే ఉక్కు నిండా గట్టి కార్బైడ్ గుళ్లే. అట్టపెట్టె కోస్తే ఆ గుళ్లు అరక్కుండా నిలబడతాయి, అందుకే మడత చాకులో అది బ్రహ్మాండం. అదే అంచుని తుమ్మ మొద్దు ముడి మీద పెట్టి కొట్టారనుకోండి, గుళ్ల మధ్య పగులు దారి చేసుకుంటుంది, అంచు పెచ్చులూడుతుంది. కాంక్రీటులో కంకర పాలు మరీ ఎక్కువైతే ఏమవుతుందో ఇక్కడా అదే.

3వీని ఇందుకు ఎదురుగా కట్టారు. కార్బన్ 0.8, క్రోమియం 7.5, వెనేడియం 2.75, మాలిబ్డినం 1.3 శాతం. కార్బైడ్లు తక్కువ, ఉన్నవి కూడా సన్నం. 59–61 హెచ్ఆర్‌సీ దగ్గర దెబ్బకి ఆగడంలో ఈ ధరలో దానికి సాటి వచ్చేవి తక్కువ, అంచు 1095 కంటే చాలాసేపు నిలుస్తుంది. లోటల్లా ఇది స్టెయిన్‌లెస్ కాకపోవడమే. 7.5 శాతం క్రోమియంతో మామూలు కార్బన్ స్టీలంత తొందరగా ఎర్రబడదు గానీ, నిమ్మరసమో చేప రక్తమో రాత్రంతా అంటుకుని ఉంటే నల్లటి చుక్కలు పడతాయి, వదిలేస్తే అవి సన్నటి గుంటలవుతాయి. ఒక్కసారి గుంట అంచు దాకా వచ్చిందంటే దాన్ని పూర్తిగా అరగదీసేదాకా ఆ చోట పదును నిలవదు.

మ్యాగ్నాకట్ 2021లో వచ్చింది, లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపకల్పన. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకు నా మొదటి సిఫారసు ఇదే. కార్బన్ 1.15, క్రోమియం 10.7, వెనేడియం 4, మాలిబ్డినం 2, నియోబియం 2 శాతం, కొంచెం నైట్రోజన్. క్రోమియం 10.7 శాతమేనా, తుప్పు పట్టదా అన్న అనుమానం సహజం. డీ2 స్టీలులో 12 శాతం ఉన్నా తుప్పు పడుతుంది కదా! తేడా ఎక్కడంటే, డీ2లో క్రోమియంలో పెద్ద వాటా కార్బన్‌తో కలిసి కార్బైడ్‌గా ముడిపడిపోతుంది. తుప్పుని ఆపేది ఉక్కులో కరిగి స్వేచ్ఛగా ఉన్న క్రోమియమే. మ్యాగ్నాకట్‌లో కార్బన్‌ని వెనేడియం, నియోబియం పట్టుకునేలా లెక్కగట్టారు, కాబట్టి సరిగ్గా హీట్ ట్రీట్ చేస్తే క్రోమియం కార్బైడ్లు మిగలవు, క్రోమియం దాదాపు అంతా తుప్పు ఆపే పనిలోనే ఉంటుంది. మిగిలిన కార్బైడ్లు చిన్నవి కాబట్టి దెబ్బకీ ఆగుతుంది. ఎస్30వీ, ఎస్35వీఎన్ కంటే దెబ్బకి ఆగడంలో స్పష్టంగా మెరుగు. 3వీ అంత మాత్రం కాదు.

ఈ స్టీళ్ల పేర్ల ముందు ఉండే సీపీఎం అన్నది అమెరికా క్రూసిబుల్ కంపెనీ పొడి పద్ధతికి గుర్తు. కరిగిన ఉక్కుని పెద్ద దిమ్మగా పోస్తే అది మెల్లగా చల్లబడుతుంది, ఆ సమయంలో కార్బైడ్లు పెద్ద ముద్దలు కడతాయి. అలా కాకుండా గాలివేగంతో వాయువు కొట్టి తుంపరగా చిమ్మితే ఒక్కో చుక్కా క్షణంలో గడ్డకడుతుంది, కార్బైడ్లు పెరిగే వీలుండదు. ఆ పొడిని ఒత్తిడితో, వేడితో మళ్లీ దిమ్మ చేస్తారు. క్రూసిబుల్ 2024 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత ఆ స్టీళ్ల హక్కులు ఎరాస్టీల్ చేతికి వెళ్లాయి. ఇకమీదట 3వీ, మ్యాగ్నాకట్ దొరకవట అని భయపెట్టి ధర పెంచి అమ్మేవాళ్ల మాట వినొద్దు.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన ఉక్కు అన్న మాటే పాశ్చాత్యుల నోట వూట్జ్ అయిందని చెబుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లా కనిపించే చారలకి కారణం అందులో అతి కొద్దిగా ఉన్న వెనేడియం లాంటి మూలకాలేనని తర్వాత పరిశోధనలో తేలింది. ఇవాళ కావాలని 3 శాతం, 4 శాతం కలుపుతున్నది ఆ వెనేడియాన్నే.

ఇక ఎక్కడ దొరుకుతాయి. నైఫ్‌సెంటర్, బ్లేడ్‌హెచ్‌క్యూ, డీఎల్‌టీ ట్రేడింగ్ లాంటి కత్తుల దుకాణాల సైట్లలో ఎడమ పక్క ఫిల్టర్లు ఉంటాయి. అందులో ముందు ఫిక్స్‌డ్ బ్లేడ్, తర్వాత స్టీలు రకం, తర్వాత బ్లేడు పొడవు 3.5 నుంచి 5 అంగుళాలు పెట్టండి. వెతుకుడు పెట్టెలో స్టీలు పేరు కొడితే మడత చాకులే ముందు వరసలో వస్తాయి, మీకు ఏమీ కనబడకపోవడానికి సగం కారణం ఇదే. అమెజాన్‌లో అయితే ఆ ఫిల్టరుని నమ్మడానికి లేదు, అమ్మేవాడు ఏది రాస్తే అదే.

పేర్లు చెప్పమంటే ఇవి:

బ్రాడ్‌ఫర్డ్ గార్డియన్ వరస మ్యాగ్నాకట్‌లోనూ, 3వీలోనూ వస్తుంది. గార్డియన్ 3 బ్లేడు మూడున్నర అంగుళాలు, చేపకీ వంటకీ సరిపోతుంది, కట్టెలకి చిన్నది. మిషిగన్‌లోని బార్క్ రివర్ వాళ్ల బ్రావో 1 చాలాకాలంగా 3వీలో దొరుకుతోంది, అంచు కాన్వెక్స్, అంటే రెండు పక్కలా ఉబ్బెత్తుగా అంచు దాకా జారుతుంది. కట్టెకి అద్భుతం, టమాటాకి మందం. కోల్డ్ స్టీల్ ఎస్ఆర్‌కే రెండు స్టీళ్లలో వస్తుంది, మామూలు దాంట్లో ఎస్‌కే-5, ఖరీదైన దాంట్లో 3వీ. ఫోటోలో రెండూ ఒక్కలా ఉంటాయి, కొనేటప్పుడు వివరాల్లో స్టీలు పేరు చదివి తీరాలి. ఇది 6 అంగుళాలు, మీరడిగిన దానికంటే పెద్దది. బెంచ్‌మేడ్ బుష్‌క్రాఫ్టర్ ఎస్30వీ, సుమారు 4.4 అంగుళాలు. బక్ 119లో ప్రో అని రాసినది ఎస్35వీఎన్, రాయనిది 420హెచ్‌సీ. ఈఎస్ఈఈ-4 కూడా ఎస్35వీఎన్‌లో దొరుకుతుంది.

ఇటలీ మానియాగో ఊరి లయన్‌స్టీల్ ఎం5లో స్లీప్నర్ అనే స్టీలు వాడతారు, క్రోమియం 3వీకి దగ్గరే, దెబ్బకి ఆగడంలో 3వీ కంటే తక్కువ, ధరకి మంచి కత్తి. స్వీడన్ ఫాల్క్‌నివెన్ ఎఫ్1ని 1995 నుంచి ఆ దేశ వాయుసేన పైలట్లకి ఇస్తున్నారు. 97 మిల్లీమీటర్ల బ్లేడు, నాలుగున్నర మిల్లీమీటర్ల మందం, నడుమ వీజీ-10, రెండు పక్కలా మెత్తటి స్టెయిన్‌లెస్. మధ్య పొర పదును పట్టుకుంటుంది, పక్క పొరలు దెబ్బని మింగుతాయి. పొడి స్టీలు కాకపోయినా కట్టడం వల్ల నిలబడే కత్తి.

ఉప్పునీటి చేపలే ఎక్కువైతే స్పైడర్కో వాటర్‌వే చూడండి. దాని స్టీలు ఎల్‌సీ200ఎన్, అందులో కార్బన్ స్థానంలో చాలావరకు నైట్రోజన్ ఉంటుంది, ఉప్పునీళ్లకి దాదాపు చలించదు. అంచు మాత్రం మ్యాగ్నాకట్ అంతసేపు నిలవదు. గాల్వెస్టన్ తీరంలో పట్టి అక్కడే కోసే వాళ్లకి తగిన కత్తి.

200 డాలర్లు పెట్టకుండా సగంలో పని జరగాలంటే మోరా గార్బెర్గ్. 14సి28ఎన్, 109 మిల్లీమీటర్ల బ్లేడు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఫుల్ ట్యాంగ్. ఈ స్టీలులో కార్బన్ 0.62, క్రోమియం 14, నైట్రోజన్ 0.11 శాతం, కార్బైడ్లు బాగా సన్నం. ఏఈబీ-ఎల్ దీనికి అన్నదమ్ముల వరస, గడ్డం గీసే బ్లేడుల కోసం పుట్టినది. రెండిటినీ 60 హెచ్ఆర్‌సీ దగ్గర పెడితే, సన్నటి అంచుతో కూడా పెచ్చు ఊడవు. వీటిని మేలురకం అని ఎవరూ ప్రకటనల్లో వేయరు గానీ, కట్టె పనిలో ఎం390 పక్కన పెడితే నేను వీటివైపే ఉంటాను.

చేత్తో చేసే కళాకారుల దగ్గర కావాలంటే అట్లాంటాలో ఏటా జూన్‌లో బ్లేడ్ షో జరుగుతుంది. చేతిలో పట్టుకుని చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. అక్కడైతే ఈ కింది ప్రశ్నలు తయారుచేసిన మనిషినే అడగొచ్చు.

కొనే ముందు అడగాల్సినవి.

మొదటిది గట్టిదనం. 3వీ అయితే 59–61, మ్యాగ్నాకట్ అయితే 62–64, ఎస్35వీఎన్ 59–61, 14సి28ఎన్ 59–61 ఉండాలి. మ్యాగ్నాకట్‌ని 60 దగ్గర వదిలేసిన కత్తులు ఉన్నాయి, పేరుకి మ్యాగ్నాకట్టే గానీ అంచు వాలిపోతుంది, కొన్నవాళ్లు స్టీలుని తిడతారు. స్టీలు సరైనదే, కాక తప్పింది. 420హెచ్‌సీ లాంటి మామూలు స్టీలుని తీసుకుని, పాల్ బాస్ అనే హీట్ ట్రీట్ నిపుణుడి పద్ధతిలో కాక పెట్టి బక్ కంపెనీ 58 దగ్గర మంచి కత్తి ఎలా తీస్తుందో చూస్తే విషయం అర్థమవుతుంది.

రెండోది కాక పెట్టింది ఎవరు. మ్యాగ్నాకట్‌ని సుమారు 1120 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేసి, అల్యూమినియం పలకల మధ్య నొక్కి చల్లార్చి, తర్వాత డ్రై ఐస్‌లోనో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోనో ముంచి, సుమారు 175 డిగ్రీల దగ్గర రెండుసార్లు టెంపర్ చేస్తారు, అంటే మళ్లీ కాస్త వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు. చలిలో ముంచే ఆ మెట్టు (దీన్నే క్రయో అంటారు) వదిలేస్తే ఉక్కులో కొంత భాగం మెత్తటి రూపంలోనే మిగిలిపోతుంది. క్రయో చేశారా అని అడగండి. పెన్సిల్వేనియా పీటర్స్ హీట్ ట్రీటింగ్ లాంటి పేరున్న చోట చేయించామంటే మంచి సూచన. ఏ వివరమూ చెప్పకుండా మా రహస్య పద్ధతి అంటే పక్కన పెట్టేయండి.

మూడోది, అందరూ మర్చిపోయేది, అంచు వెనక మందం. అంచు మొదలయ్యే గీత దగ్గర బ్లేడు ఎంత మందం ఉందో క్యాలిపర్‌తో కొలిచిన సంఖ్య ఇది. చేపలు, కూరగాయలకి 0.25 నుంచి 0.4 మిల్లీమీటర్లు, అన్ని పనులకీ 0.5 నుంచి 0.6, నరకడానికి 0.8 దాకా. 0.9 ఉన్న మ్యాగ్నాకట్ కత్తి కంటే 0.4 ఉన్న 20 డాలర్ల మోరా హాయిగా కోస్తుంది. ఎంత ఖరీదైన ఉక్కూ ఈ తేడాని పూడ్చలేదు. వెన్ను మందం విషయానికొస్తే 4 అంగుళాల కత్తికి 3.2 నుంచి 4 మిల్లీమీటర్లు చాలు. 6 మిల్లీమీటర్ల మందం చూడటానికి బలంగా ఉంటుంది, కోయడానికి గొడ్డలిలా ఉంటుంది.

నకిలీల గురించి. సర్జికల్ స్టీల్, హై కార్బన్ స్టెయిన్‌లెస్, జర్మన్ స్టీల్ అని రాసి గ్రేడు రాయలేదంటే అది ఏదైనా కావచ్చు. 40 డాలర్లకి ఎం390 అంటే బ్లేడు మీద లేజర్ అక్షరాలు తప్ప ఎం390 ఉండదు. చారల డమాస్కస్ (రెండు స్టీళ్లు పొరలుగా కలిపినది) అని చౌకగా అమ్మేవి, రెండు స్టీళ్ల పేర్లూ చెప్పకపోతే, గోడకి తగిలించుకోవడానికే. చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో (ఎక్స్‌రేలతో లోహంలోని మూలకాల్ని చూపేది) క్రోమియం, వెనేడియం, మాలిబ్డినం శాతాలు నిమిషంలో తేలతాయి, పాత ఇనుము కొనే పెద్ద యార్డుల్లో ఆ యంత్రం ఉంటుంది. కార్బన్‌ని మాత్రం అది చూడలేదు. ఆ శాతాలు సరిపోతే స్టీలు అసలుదే అనుకోవచ్చు, కాక సంగతి మాత్రం అది చెప్పదు.

గట్టిదనం తేల్చడానికి హార్డ్‌నెస్ ఆకురాళ్ల సెట్టు ఉంటుంది, 40 నుంచి 65 దాకా అయిదేసి చొప్పున ఆరు ఆకురాళ్లు. పిడి పలక కింద దాగిన ట్యాంగ్ మీద 60 గుర్తున్న ఆకురాయి జారిపోయి, 65ది కొరికితే గట్టిదనం ఆ రెండిటి మధ్య ఉన్నట్టు. ఇంకోటి ఇత్తడి కడ్డీ పరీక్ష. పావు అంగుళం ఇత్తడి కడ్డీ మీద అంచుని పదును కోణంలో ఆనించి మెల్లగా నొక్కండి. అంచు సన్నగా వంగి, తీయగానే వెనక్కి రావాలి. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, చిన్న ముక్క ఊడితే పెళుసు.

కత్తి చేతికొచ్చాక ఇంకో సంగతి. ఫ్యాక్టరీ అంచుని బట్టి తీర్పు ఇవ్వొద్దు. చివర్లో వేగంగా తిరిగే బెల్టు మీద నీళ్లు లేకుండా అంచు తీసేటప్పుడు ఆ సన్నటి కొస 175 డిగ్రీలు ఇట్టే దాటిపోతుంది, ఆ కాస్త లోహం మెత్తబడుతుంది. రంగు మారకపోయినా ఇది జరగొచ్చు. రెండు మూడుసార్లు చేత్తో పదును పెట్టాక ఆ పొర పోయి అసలు ఉక్కు బయటపడుతుంది. పదును నిలవట్లేదు అని వారంలో తిప్పి పంపేసే కత్తుల్లో చాలావాటికి ఇదే జబ్బు.

పదును పెట్టే పద్ధతి కూడా మారాలి. మామూలు సానరాయిలోని అల్యూమినియం ఆక్సైడ్ గట్టిదనం వికర్స్ కొలమానంలో సుమారు 2100. వెనేడియం కార్బైడ్‌ది సుమారు 2800. అంటే రాయి కంటే ఉక్కులోని గుళ్లే గట్టివి, రాయి వాటిని కోయలేక చుట్టూ ఉన్న లోహాన్ని తవ్వుతుంది. మ్యాగ్నాకట్‌కి, ఎస్35వీఎన్‌కి డైమండ్ ప్లేటు తీసుకోండి, 400 గ్రిట్ ఒకటి, 1000 గ్రిట్ ఒకటి చాలు (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ ప్లేటు నునుపు). 3వీకీ అదే సుఖం. 14సి28ఎన్‌కి మామూలు రాయి సరిపోతుంది.

అంచు మీద నల్ల మార్కరు పూయండి. పక్కకి 18–20 డిగ్రీల కోణం, బాటనింగ్ ఎక్కువైతే 22. బరువు వేయకుండా 400 మీద ఒక పక్క రుద్దండి. మార్కరు సమంగా చెరిగితే కోణం సరిగ్గా ఉన్నట్టు, పైన మాత్రమే చెరిగితే ఇంకాస్త ఎత్తాలి. అవతలి పక్క గోటికి సన్నటి గరుకు, అదే బర్, మడమ నుంచి మొన దాకా తగిలేదాకా ఇటే రుద్దండి. తర్వాత రెండో పక్క. 1000 మీద అదే వరస, చివర్లో పక్కకి ఒక్కొక్క రుద్దు చొప్పున మార్చి మార్చి పది, అసలు ఒత్తకుండా. ఆ తర్వాత 1 మైక్రాన్ డైమండ్ పేస్టు పూసిన తోలు మీద వెనక్కి లాగుతూ పక్కకి పది. ఈ స్టీళ్లలో బర్ మొండిగా ఉంటుంది. అది మిగిలిపోతే కాగితం జుయ్యిన కోస్తుంది, రెండు కట్టెపుల్లలు చెక్కగానే మొక్కబోతుంది. అప్పుడు మళ్లీ 400కి వెళ్లకుండా, 1000 మీద కోణం కాస్త ఎత్తి పక్కకి రెండుసార్లు రుద్ది మళ్లీ తోలుకి వెళ్లండి. ఇక ఆ వీ ఆకారపు గాడిలో పెట్టి లాగే పదును పెట్టెలు ఈ గట్టిదనం ఉన్న అంచుని కోయవు, పెచ్చులు రేపుతాయి.

కట్టెలు చీల్చేటప్పుడు బ్లేడు పొడవు కంటే కనీసం అంగుళంన్నర సన్నగా ఉన్న కట్టెనే తీసుకోండి, మొన అవతల బయటికి రాకపోతే కొట్టడానికి చోటుండదు. ముడి ఉన్న వైపు వద్దు. కొట్టేది కర్రతోనే, రాయితో గానీ సుత్తితో గానీ కాదు, వెన్ను మీద గాటు పడితే పగులు అక్కడే మొదలవుతుంది. ఇరుక్కున్న కత్తిని పక్కకి వంచి పీకొద్దు, ఖరీదైన కత్తులు విరిగేది ఎక్కువగా అప్పుడే.

3వీని తోలు ఒరలో పెట్టి అటకెక్కించొద్దు. తోలు చెమ్మ పట్టుకుంటుంది, తోలు శుద్ధికి వాడిన ద్రవ్యాలు ఉక్కుని కొరుకుతాయి. కడిగి, ఆరబెట్టి, మందుల షాపులో దొరికే మినరల్ ఆయిల్ రెండు చుక్కలు రాసి విడిగా ఉంచండి. బ్లేడు మీద నల్ల కోటింగ్ ఉన్నా అంచు మీద ఉండదు, తుప్పు మొదలయ్యేది అక్కడే.

చట్టం, ప్రయాణం. టెక్సాస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి బ్లేడు అయిదున్నర అంగుళాలు దాటితేనే చోటుని బట్టి ఆంక్షలు, అంటే బడులు, బార్లు, కోర్టులు, ఆసుపత్రులు లాంటి చోట్ల పనికిరాదు. మీరు అడుగుతున్న 4–5 అంగుళాలు ఆ లెక్కలోకి రాదు. ఎస్ఆర్‌కే అయితే 6 అంగుళాలు, వస్తుంది.

ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల్లో, ఇంటి పనికీ వ్యవసాయానికీ కానివి, 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడున్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. డాగర్ అన్న మాట అందులో విడిగా ఉంది, కాబట్టి రెండు పక్కలా పదునున్నది, బాకు ఆకారంలో ఉన్నది తీసుకెళ్లొద్దు. సామాన్లలో చెక్-ఇన్ బ్యాగులోనే, ఒరలో పెట్టి, మీద అట్ట చుట్టి, బిల్లుతో సహా. చేతి బ్యాగులో ఏ సైజూ కుదరదు. కొరియర్లో పంపిస్తే కస్టమ్స్‌లో ఆగిపోయే అవకాశం ఎక్కువ, మీ వెంట తెచ్చుకోవడమే మేలు. మీ ఎయిర్‌లైన్ నిబంధన కూడా ఒకసారి చూసుకోండి.

నాన్నగారికి ఏది అంటే, ఆయన వాడకం మీద ఆధారపడుతుంది. తోటలో కొమ్మలు, కొబ్బరి మట్టలు నరకాలంటే ఈ స్టీళ్లేవీ అక్కర్లేదు. లారీ కమాను పట్టీతో మన కమ్మరి సాగగొట్టిన మచ్చుకత్తి ఆ పనికి సరైన ఉక్కు, స్ప్రింగు స్టీలు దెబ్బకి ఆగుతుంది, పదును పోతే ఊళ్లోనే పెడతారు. ఇంట్లో పళ్లు, కూరగాయలు, చేపలకయితే మూడున్నర అంగుళాల మ్యాగ్నాకట్, అంచు వెనక 0.4 మిల్లీమీటర్ల లోపు ఉన్నది తీసుకెళ్లండి. చింతపండు, నిమ్మకాయ తగిలినా, కోస్తా ఉక్కపోతలో వంటింటి గట్టు మీద వదిలేసినా ఏమీ కాదు. దాంతోపాటు 1000 గ్రిట్ డైమండ్ ప్లేటు ఒకటి కూడా పెట్టండి. కత్తిపీటకి సాన పట్టే చక్రం మీద దీన్ని పెట్టించొద్దని ముందే చెప్పండి, అక్కడ నీళ్లు లేకుండా పట్టేస్తే అంచు కాక దిగిపోతుంది.